నల్లబడ్డ చెంప

ఇమాంబీ అంటే పెడనలో ఎవరికీ ఇష్టం ఉండేది కాదు. ఆమెకు ఎవరైనా ఇష్టం ఉన్నట్టు కూడా కనపడేది కాదు. అయినా నేతవాళ్ళ ఇళ్ళల్లో, అద్దకం పనివాళ్ళ ఇళ్ళల్లో, సాయిబుల ఇళ్ళల్లో ఎక్కడ కాన్పు జరిగినా మర్నాడు పొద్దున్నే ఆమె రావాలి. పసిబిడ్డకు నీళ్ళు పోయడం ఆమె పని. పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ దాకా ఎగదోసి, కాళ్ళు చాపి, ఆ కాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టుకునేది. ఒళ్ళంతా నూనె పట్టించి, ముక్కు తీర్చి, తల గుండ్రంగా ఒత్తి, వేడివేడి నీళ్ళు పోసేది. బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే తల్లి తలుపు చాటునుంచి, "కొంచెం మెల్లిగా, బూబమ్మా," అనేది. "ఏడవనీ. ఏడవలేని బిడ్డయితే అప్పుడు నువ్వేడుద్దువు గానిలే," అనేది ఇమాంబీ. ఆ మాటకు బాలింతరాలు నిజంగానే ఏడ్చేది.

ఆమెది దివిసీమ. పద్నాలుగేళ్ళప్పుడు పెడనలో జట్కా తోలే నబీకి ఇచ్చి చేశారు. ఈ పని అత్తగారి దగ్గర నేర్చుకుంది. నబీ కామెర్లతో పోయాడు. ఒక్కతే కూతురు మజీదా గుడివాడలో ఉండేది. కూతురి దగ్గర ఉందామని వెళ్ళి, మూడో రోజుకే అల్లుడితో పోట్లాడి తిరిగి వచ్చింది. ఉప్పెనలో ఆమె పుట్టిన ఊరు తుడిచిపెట్టుకుపోయినప్పుడు వెళ్ళి వారం ఉండి వచ్చింది. ఎవరు మిగిలారు, ఎవరు పోయారు అని మా వీధిలో ఒకావిడ అడిగితే, "నీ బిడ్డకి జలుబు చేసింది. ముందు దాని సంగతి చూసుకో," అంది. ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

నీళ్ళు పోయడం అయిపోయాక చివర ఒక పని చేసేది. కుడిచేతి చూపుడువేలు బిడ్డ నోట్లో పెట్టి ఒకసారి గుండ్రంగా తిప్పి, కఫం తీసేది. ఆ వేలు చీరకు తుడుచుకుని ఇంకో ఇంటికి వెళ్ళేది. నడుమ తమలపాకుకు సున్నం రాసుకునేది కూడా ఆ వేలితోనే. అది తప్పని ఎవరమూ అనుకోలేదు. అలా తీయకపోతే, "ఇవాళ కఫం తియ్యలేదేం?" అని మేమే అడిగేవాళ్ళం.

డెబ్బై ఎనిమిది మే నెలలో మా అక్క నాంచారి తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసి, నాన్నకు అద్దకం షెడ్డులో సాయం చేస్తూ ఇంట్లోనే ఉన్నాను. నెలలు నిండకుండానే, ఎనిమిదో నెల చివర్లో అక్కకు మగపిల్లవాడు పుట్టాడు. చిన్నగా, ఎర్రగా, తొక్కు తీసిన రొయ్యలా ఉన్నాడు. మా అమ్మ సత్యవతమ్మ ఆచారం తెలిసిన మనిషి. మొదటి మూడు రోజుల పాలు మంచివి కావని పిండించి పారబోయించింది. గుడ్డ వత్తితో పంచదార నీళ్ళు, ఆముదం చుక్కలు నాకించింది. బాలింతకు వాతం చేస్తుందని అక్కకు రోజుకు ఒక గ్లాసు కాచిన నీళ్ళే ఇచ్చింది. కిటికీ మూసి, మంచం కింద కుంపటి పెట్టింది. బయట రోహిణి కార్తె ఎండలు. ఆ గదిలోకి వెళ్తే నాకు ఊపిరి ఆడేది కాదు. నాలుగో రోజు నుంచి పాలు పట్టించినా, వాడు రెండు గుక్కలు తాగి అలసిపోయి నిద్రపోయేవాడు.

ఎనిమిదో రోజు సాయంత్రం వాడి ఎడమ చెవి ముందు వాపు కనపడింది. చెవి తమ్మె పైకి లేచింది. అమ్మ చూసి, "గవదబిళ్ళ" అంది. వెంటనే తన మెడలో గొలుసు తీసి వాడి మెడ చుట్టూ వేసింది. గవదలకు బంగారం వేయడం మా వైపు అందరూ చేసేదే.

తొమ్మిదో రోజు పొద్దున ఇమాంబీ వచ్చి గొలుసు చూసింది. దాన్ని తీసి పక్కన పెట్టి, వాడిని కాళ్ళ మీద వేసుకుంది. చెంప మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసింది. మళ్ళీ పెట్టింది. చెవి కింద నుంచి బొటనవేలితో మెల్లగా ముందుకు నొక్కుతూ వచ్చింది. వాడు నోరు తెరిచాడు కాని ఏడుపు పిల్లికూన అరిచినట్టు సన్నగా వచ్చింది.

"చిన్నదానా, ఇట్రా. నీ కళ్ళు మంచియ్యి. లోపల చూడు," అంది నాతో.

చూశాను. దవడ లోపలి వైపు, పై చిగురుకు ఎదురుగా ఆవగింజంత బుడిపె ఉంది. ఆమె నొక్కినప్పుడల్లా అందులోంచి పచ్చటి చీము చుక్కగా ఉబుకుతోంది.

"సత్తెవతమ్మా! ఇది గవద కాదు. గవదైతే నోట్లోకి చీమెందుకొస్తది? బందరు పట్టుకెళ్ళు. ఇయ్యాలే."

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. "నీకన్నీ చీములే కనపడతయ్యి. బంగారం వేశాం, రెండ్రోజుల్లో తగ్గుద్ది."

"తగ్గదు. ఒళ్ళు కాలిపోతంది."

"ఎల్లుండి పురుడు. గుడివాడ నుంచి మా వియ్యపురాలొస్తంది. పిల్లాడు ఆసుపత్రిలో ఉన్నాడని చెప్పమంటావా? పట్టుమని పది రోజులు చూసుకోలేకపోయారని ఆవిడ నా మొహాన ఉమ్మెయ్యదూ?"

"పురుడెవరికి చేస్తావు, పిల్లోడుంటే గదా!"

"నీ నోట్లో మన్ను పడ! శుభమా అని పురుడు పెట్టుకుంటే ఏం కూతలు కూస్తున్నావే?"

"నిన్న పొద్దుటి నుంచి ఆడి గుడ్డ ఎన్నిసార్లు తడిసిందో నీ కూతుర్నడుగు. ఒక్కసారి. నాలిక చూడు, ఎండిన చింతపండులాగుంది."

"నీళ్ళు పొయ్యడానికి పిలిచాను, వైద్యానికి కాదు. పోసి వెళ్ళు."

ఇమాంబీ నీళ్ళు పోసింది. ఆ రోజు నోట్లో వేలు పెట్టలేదు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నిలబడి, "నీ మొండితనానికి బలి పెడతన్నావు ఆణ్ణి," అని వీధంతా వినపడేట్టు అంది. అమ్మ తలుపు వేసేసింది.

ఆ మధ్యాహ్నం అమ్మకు ఒక ఆలోచన వచ్చింది. అద్దకానికి ముందు బట్టను కరక్కాయ పాలలో ముంచుతాం. అందులో చేతులు పెట్టేవాళ్ళకు చర్మం బిగుసుకుపోతుంది. పటిక కూడా అంతే. బట్టను బిగించేది వాపును బిగించదా అని ఆమె లెక్క. "కరక్కాయ, పటిక కలిపి మెత్తగా నూరవే," అంది. నేను నూరి ఇచ్చాను. అమ్మ వాడి చెంపకు దట్టంగా పట్టించింది. ఆరాక పచ్చగా పసుపు రాసినట్టు కనపడింది. కింద ఉన్న ఎరుపు కనపడకుండా పోయింది. వచ్చేవాళ్ళు అడిగితే పసుపు రాశామని చెప్పవచ్చు కూడా.

పదో రోజు ఇమాంబీ వచ్చి చూసింది.

"ఏందిది?"

"మా ఇంటి మందు. ఆ వైపు చెయ్యి పెట్టకుండా పొయ్యి. పెట్టావో, రేపట్నుంచి రావక్కర్లేదు."

ఇమాంబీ పీట లాక్కుని కూర్చుంది. పురుడుకు చుట్టాలొస్తారని ఇంట్లో రాగికాగు, ఇత్తడి సామాను అంతా కళాయికి ఇచ్చి ఉన్నాం. అందుకని నీళ్ళు షెడ్డులోని పాత ఇనుప బక్కెట్టులో కాచాం. నల్లరంగు కోసం తుప్పు ముక్కలు, బెల్లం నీళ్ళు నానేసే బక్కెట్టు అది. తోమాం కాని అంచుల్లో, అడుగున ఇంకా తుప్పు ఉంది. ఆ తొందరలో ఆ తుప్పు సంగతి ఎవరికీ తట్టలేదు. అద్దకం ఇంట్లో పుట్టి పెరిగిన నాకూ తట్టలేదు.

ఇమాంబీ చెంపను తాకకుండా తల మీంచి నీళ్ళు పోసింది. నీళ్ళు జారి ఆ పూత తడిసింది. మేం చూస్తుండగానే పచ్చటిది బూడిద రంగుకు తిరిగి, ఆ తర్వాత నల్లబడింది. మా చీరల మీద కొమ్మల గీతలకు వేసే నలుపే. అమ్మ పరుగెత్తుకొచ్చి సబ్బుతో రుద్దింది. పోలేదు. ఎన్ని ఉతుకులు ఉతికినా పోదనే కదా ఆ రంగును అద్దేది.

అమ్మ ఏం జరిగిందో ఇమాంబీకి చెప్పలేదు. నాన్నకు చెప్పింది. నాన్న శివరామయ్య తల పట్టుకుని షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున రైలుకు గుడివాడ నుంచి బావ కాంతారావు, ఆయన తల్లి వెంకాయమ్మ గారు వచ్చారు. బావ రైసుమిల్లులో గుమస్తా. వెంకాయమ్మ గారు కాళ్ళు కడుక్కుని నేరుగా మనవడి దగ్గరకు వెళ్ళింది. గుడ్డ తొలగించి ఒక్క అడుగు వెనక్కి వేసింది.

"ఇదేంటి వదినగారూ? చెంప ఇట్టా మాడిపోయిందేంటి?"

అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఏం చెప్పను వదినగారూ! ఆ బూబమ్మ ఏదో నాటుమందు రాసింది. వద్దంటే వింటదా?"

కరక్కాయ నూరిన చేతులు చీర కుచ్చెళ్ళలో దాచుకుని నేను తలుపు పక్కన నిలబడ్డాను.

ఇమాంబీ పెరట్లోనే ఉంది. పురుడు నీళ్ళు పోయడానికి వచ్చి, బావి దగ్గర కూర్చుని ఉంది. విని లోపలికి వచ్చింది.

"నేనా? నేనా రాసింది? సత్తెవతమ్మా, నా మొహం చూసి చెప్పు."

"మైల గదిలోకి రమ్మన్నామా? బయటికి నడువు!"

"ఇదివరకు రోజూ వచ్చింది ఏ గదిలోకో! అయ్యా కాంతారావూ, నువ్వు తండ్రివి గదా, ఇటు చూడు." బిడ్డను ఎత్తుకుని, వాడి నోరు తెరిచి చెంప నొక్కింది. ఈసారి చీము చుక్కగా రాలేదు, కారింది. వెంకాయమ్మ గారు పైట ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అక్క మంచం మీంచి లేవబోయి పడిపోయింది.

"ఎన్నాళ్ళయింది ఇది?" అన్నాడు బావ.

"మూడ్రోజులు. బందరు పట్టుకెళ్ళమని నెత్తీ నోరూ మొత్తుకున్నా," అంది ఇమాంబీ.

"అయితే ఇప్పుడే తీసుకెళ్దాం."

"నువ్వాగరా," అంది వెంకాయమ్మ గారు. "పురుడు నీళ్ళు పడకుండా గడప దాటిస్తారా ఎక్కడన్నా? ముందు కానివ్వండి, మధ్యాహ్నం చూద్దాం."

బావ తల్లి వైపు చూశాడు, అత్త వైపు చూశాడు. ఆ ఇద్దరూ ఆ పొద్దున్నుంచి ఒప్పుకున్న మాట అదొక్కటే. బావ నిలబడిపోయాడు. ఇమాంబీ నిలబడలేదు. తన పైట బిడ్డకు చుట్టి, మెట్లు దిగి నడిచింది.

"బిడ్డనెత్తుకుపోతంది! పట్టుకోండి!" అని పక్కింటావిడ అరిచింది. మగ్గాల దగ్గర నుంచి మనుషులు లేచి వచ్చారు. ఒకడు ఆమె రెక్క పట్టుకున్నాడు. "వదులు. పిల్లోడు కిందపడితే నీ తల పగలగొడతా," అంది. వాడు వదిలాడు. బావ, నాన్న వెనక పరుగెత్తారు. తల్లి లేకుండా పాలెవరిస్తారని నేను అక్కను నడిపించుకుని బయల్దేరాను. మేం పోతున్నామని అమ్మ, అమ్మ పోతోందని వెంకాయమ్మ గారు వచ్చారు. బందరు బస్సులో మేము ఏడుగురం ఒకరి మొహం ఒకరం చూడకుండా కూర్చున్నాం. ఇమాంబీ ఒక చేత్తో చెంగు తీసి బిడ్డ మొహానికి విసురుతూనే ఉంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కృపావరం గారు. లావుపాటి కళ్ళద్దాలు, చిరాకు మొహం. బిడ్డ కడుపు మీద చర్మం పట్టుకుని వదిలింది. అది వెంటనే సర్దుకోలేదు. చెంప చూసి నర్సు వైపు తిరిగి ఏదో ఇంగ్లీషులో అంది. తర్వాత మాతో, "చర్మం చచ్చిపోయింది. లోపల ఎంత దూరం పాకిందో తెలీదు. కోసి తీసెయ్యాలి. నా చేతిలో లేదు. గుంటూరు తీసుకెళ్ళండి," అంది.

"గుంటూరు దాకా ఉంటాడాండీ?" అన్నాడు బావ.

"చెప్పలేను. అసలేం రాశారు దీనికి?"

అమ్మ ఇమాంబీ వైపు చూసింది. అందరం ఆమె వైపే చూశాం.

"నేనేం రాయలేదమ్మా," అంది ఇమాంబీ.

"అందరూ ఇదే చెప్తారు. బిడ్డను చంపి తీసుకొచ్చి, ఏం రాయలేదంటారు. చీటీ రాస్తాను, తీసుకెళ్ళండి." డాక్టరమ్మ కలం తీసింది.

ఇమాంబీ నాన్న ముందుకు వెళ్ళి నిలబడింది. నాన్న గోడకు ఆనుకుని, కండువా నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నాడు.

"శివరామయ్యా, ముప్పయ్యేళ్ళ నుంచి అద్దుతున్నావు. పెడనలో నేలంతా మీ నలుపే. కళ్ళతో చూస్తే నాకే తెలుస్తంది, నీకు తెలవదా అది ఏం రంగో? చెప్పు ఆయమ్మకి."

నాన్న అమ్మను చూశాడు. అమ్మ కనుబొమలు ముడిచి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. వెంకాయమ్మ గారు ఆ తల ఊపడం చూసింది.

"ఏమయ్యా, పెళ్ళానికి భయపడి మనవణ్ణి కోయిస్తావా?" అంది ఇమాంబీ.

"కరక్కాయండీ," అన్నాడు నాన్న. "కరక్కాయ, పటిక. ఇనప నీళ్ళు తగిలినియ్యి. ఇనుము తగిలితే కరక్కాయ నల్లబడుద్దండీ. చర్మం కాదండీ, రంగు. నిమ్మరసం పెడితే పోద్ది."

"ఎవరు రాశారు?"

"మా ఇంట్లోనేనండీ."

డాక్టరమ్మ కలం మూసింది. ఆసుపత్రి బయట సోడాబండి నుంచి బావ నిమ్మకాయలు తెచ్చాడు. నర్సు గుడ్డముక్క రసంలో ముంచి, మెల్లగా అంచు నుంచి అద్దింది. బిడ్డ కీచుమన్నాడు. నలుపు చెదిరి మడ్డి రంగుకు తిరిగి గుడ్డకు అంటుకుంది. కింద చర్మం బతికే ఉంది. ఎర్రగా, నున్నగా, బిగుసుకుని, గోరు తగిలితే చిట్లేట్టు ఉంది. డాక్టరమ్మ నోరు తెరిచి, ఇమాంబీ నొక్కిన చోటే నొక్కింది.

"లాలాజలం ఊరే గ్రంథి ఇది. చీము పట్టింది," అంది. ఆ చీమును గాజుపలక మీదకు తీసుకుంది. "కోయక్కర్లేదు. ఇక్కడే ఉంచండి."

తల మీద నరం వెతికి సూది గుచ్చి నీళ్ళెక్కించారు. ఆరు గంటలకొకసారి ఇంజెక్షన్లు. బతుకుతాడని మొదటి రెండు రోజులు ఆమె అనలేదు. మూడో రోజు వాడు గుడ్డ మూడుసార్లు తడిపాడు. నాలుగో రోజు గట్టిగా ఏడ్చాడు. ఆ రోజే ఇమాంబీ రెండోసారి వచ్చింది. పిలవకుండానే వచ్చి వరండాలో నిలబడితే, డాక్టరమ్మ ఆమెను, అమ్మను ఇద్దరినీ కలిపి కోప్పడింది.

"నెలలు నిండని బిడ్డ. పాలు పారబోశారు. తల్లికి నీళ్ళివ్వలేదు. కుంపట్లో పెట్టి ఎండబెట్టారు. నోరు ఎండిపోతే లాలాజలం పారదు. పారకపోతే నోట్లో ఉన్న క్రిములు ఆ గొట్టంలోంచి పైకి పోతాయి. నోట్లోకి ఎట్టా వచ్చాయంటారా? మీ వేళ్ళ మీంచి. ఇక్కడ నోట్లో వేలు పెట్టేదెవరు?"

"నేనే," అంది ఇమాంబీ.

"కడుక్కునేదానివా?"

ఇమాంబీ తన కుడిచెయ్యి తిప్పి చూసుకుంది. నేను ఆమెను మాట రాకుండా చూడడం అదే మొదలు.

ఆసుపత్రిలో చేరిన పదకొండో రోజుకు వాపు పూర్తిగా తగ్గింది. బావ, వెంకాయమ్మ గారు అక్కను, బిడ్డను ఆసుపత్రి నుంచే గుడివాడ తీసుకెళ్ళిపోయారు. "మీ ఇంటి గడప మళ్ళీ తొక్కించను," అని వెంకాయమ్మ గారు అమ్మతో బందరు స్టేషన్లో అందరి ముందూ అంది. అమ్మ ఆ మాటలు పడింది. ఇంటికొచ్చి అవన్నీ ఇమాంబీ మీద తీర్చుకుంది. డాక్టరమ్మ చెప్పినదాంట్లో పాల సంగతి, నీళ్ళ సంగతి, కుంపటి సంగతి అమ్మ ఎవరికీ చెప్పలేదు. వేలి సంగతి మాత్రం ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. "దాని వేలు పెట్టే నా మనవడికి చీము పట్టింది. డాక్టరమ్మే చెప్పింది. అదే ఒప్పుకుంది." అబద్ధం కాదు కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు. నాన్నకు నిజం తెలుసు. నాకూ తెలుసు. నాన్న అద్దకం పనిలో పడిపోయాడు. నేను వీధిలోకి వెళ్ళి మాట్లాడే మనిషిని కాను.

ఇమాంబీ తన మీద పడినదాన్ని తోసెయ్యలేదు. నోట్లో వేలు పెట్టడం మానేసింది. ఎక్కడికి పిలిచినా ముందు సబ్బు అడిగేది. చేతులు మోచేతుల దాకా కడిగేది. కాని దానితో ఊరుకోలేదు. బాలింతకు చెంబుడు నీళ్ళు తాగించి చూపిస్తేనే పీట మీద కూర్చునేది. మూసిన కిటికీ తనే తీసేది. "మా ఇంట్లో మాకు చెప్తావా?" అనేవాళ్ళు. "చెప్తా," అనేది. ఇళ్ళు ఒక్కొక్కటే మానుకున్నాయి. గూడూరు నుంచి ఇంకొకామె వచ్చి నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. ఆమె నవ్వుతూ మాట్లాడేది, నోట్లో వేలు పెట్టేది.

శ్రావణమాసంలో మా ఎదురింటి కోదండరామయ్య గారి కోడలు కన్నది. వాళ్ళకు ఇమాంబీ అంటే పాత అలవాటు, పిలిచారు. ఆమె వచ్చేసరికి అత్తగారు సుబ్బులమ్మ గారు కోడలి పాలు గిన్నెలోకి పిండిస్తోంది.

"పారబొయ్యడానికేనా? పొయ్యకు. పిల్లకి పట్టు," అంది ఇమాంబీ.

"ఆ సత్తెవతమ్మగారింటి గొడవ ఇక్కడ పెట్టకు. నీ పని నువ్వు చూసుకో."

"ఆ పాలు పారబోస్తే నేను నీళ్ళు పొయ్యను."

"పొయ్యకపోతే పో! నువ్వు కాకపోతే గూడూరామె లేదా?"

"పిలుచుకో. నేను మాత్రం ఇక్కణ్ణించి కదలను."

అరుగు మీద కూర్చుంది. మా కిటికీలోంచి నాకు కనపడుతూనే ఉంది. సుబ్బులమ్మ గారు అరుగు కడిగే నెపంతో ఆమె మీద నీళ్ళు చల్లింది. చీర తడిసినా లేవలేదు. వీధిలో పోయేవాళ్ళు నిలబడి నవ్వారు. మా అమ్మ గుమ్మంలోకి వెళ్ళి, "ఇంకెవరి బిడ్డ నోట్లో వేలు పెడదామనే?" అని అరిచింది. ఇమాంబీ అటు తిరగలేదు. లోపల పిల్ల ఏడుస్తూనే ఉంది. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. గూడూరామె వచ్చి, అరుగు మీద ఇమాంబీని చూసి, ఇంట్లోకి పోవాలో వద్దో తెలియక రోడ్డు మీదే నిలబడింది.

చివరకు తలుపు వెనక ఆ కోడలి గొంతు వినపడింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల, మా ఊళ్ళో ఆమె గొంతు నేను వినడం అదే మొదటిసారి. "ఇవ్వండత్తయ్యా, పిల్లను నా దగ్గరకివ్వండి. ఏమన్నా అయితే నన్నే అనండి." ఆ తర్వాత సుబ్బులమ్మ గారి తిట్లు చాలా వినపడ్డాయి. ఆ తిట్ల నడుమే పసిపిల్ల ఏడుపు ఆగింది.

ఇమాంబీ ఇంకాసేపు వింది. ఏడుపు మళ్ళీ రాలేదు. లేచి, తడిసిన చీర అంచు పిండుకుని, గూడూరామె పక్కనుంచి ఇంటివైపు వెళ్ళిపోయింది. ఆ పిల్లకు ఆ రోజు నీళ్ళు పోసింది గూడూరామే. ఆ ఇంటి నుంచి ఇమాంబీకి మళ్ళీ పిలుపు రాలేదు.